బూడిదరంగు వైరు

ఆ ఏడు ఎండలు ముదరకముందే మావారు కాలు విరగ్గొట్టుకున్నారు. కస్టమర్లందరికీ నిచ్చెన మీంచి పడ్డారనే చెప్పాం. కంప్యూటర్లు బాగుచేసే మనిషి, వైర్లు లాగుతూ నిచ్చెన మీంచి పడ్డాడంటే అందులో కాస్త మర్యాద ఉంటుంది. నిజానికి ఆయన పడింది మా వాకిలి మెట్టు మీంచి. అదీ ఒకటే మెట్టు. ఫోన్లో ఎవరికో "మీకేం భయం లేదు, నేనున్నాగా!" అని ధైర్యం చెబుతూ గాల్లో అడుగేశారు.

డాక్టరు మోకాలిదాకా కట్టు కట్టి, "వానలు పడేదాకా ఈ కాలు నేలకి ఆనకూడదు" అన్నాడు.

"వానలు ఎప్పుడు పడతాయండీ?" అని అడిగారు మావారు, అదేదో డాక్టరు చేతిలో ఉన్నట్టు.

మా ఇంటి ముందుగదే మా షాపు. ఫోన్లు ఎత్తడం, తెచ్చిన మెషీన్లు విప్పి దుమ్ము దులపడం, పాడైన పార్టులు మార్చడం నా పని. బ్యాగు భుజానేసుకుని ఆఫీసులకెళ్ళి, నలుగురి మధ్య నిలబడి, "ఊ... ఇదా సంగతి" అనడం ఆయన పని. ఇలా పంచుకుందామని ఎవరం ఎప్పుడూ అనుకోలేదు. పెళ్ళయిన కొత్తలో ఎక్కడివాళ్ళం అక్కడ కూర్చున్నాం, అంతే, కుర్చీలు ఖాయమైపోయాయి.

ఆయన మంచమెక్కిన వారంలోనే పాఠాల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. చిన్న క్లాసుల పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీసి, పేజీలు పేర్చి, ప్రెస్సుకి పంపే ఆఫీసు అది. ఏడాది పొడుగునా వాళ్ళ కంప్యూటర్లన్నీ చూసుకునే ఒప్పందం మాదే. మా ఇల్లు గడిచేది సగం వాళ్ళ మీదే.

"సర్వర్లోకి ఒక్కరం కూడా వెళ్ళలేకపోతున్నాం," అంది ఎడిటర్ గారు. ఆఫీసు ఆవిడదే. "పేరు కొడితే తప్పంటుంది, పాస్‌వర్డు కొడితే తప్పంటుంది. స్కూళ్ళు తెరిచేలోపు పుస్తకాలు అచ్చు కావాలి. ఆయన్ని పంపించు తల్లీ."

సర్వరంటే మరేం లేదు, ఒక మూల కూర్చునే నల్లటి పెట్టె. గీసిన ప్రతి బొమ్మా, పేర్చిన ప్రతి పేజీ అందులోనే ఉంటాయి. అందరి కంప్యూటర్లూ అందులోంచే తీసుకుని, మళ్ళీ అందులోనే పెడతాయి. అది తలుపేసుకుంటే ఆఫీసు ఆఫీసంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

మావారు పడుకునే ఫోనందుకుని, అది నొక్కండి ఇది నొక్కండి అని గంటసేపు చెప్పారు. అవతల ఎడిటర్ గారు నొక్కింది ఒకటి, ఈయన అనుకుంది ఇంకొకటి. చివరికి ఆవిడ కంప్యూటర్లో అక్షరాలన్నీ తాటికాయలంత అయిపోయాయట. దాంతో ఆవిడకి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ.

ఇదంతా వింటున్న మా అత్తయ్య గుమ్మంలోంచి, "అమ్మాయిని పంపరాదూ? వాడకపోతే ఆ బ్యాగు కూడా తుప్పు పడుతుంది" అంది.

"బ్యాగు తుప్పు పట్టదమ్మా," అన్నారీయన.

"మనిషి పడుతుంది," అంది అత్తయ్య, లోపలికెళ్ళిపోతూ.

ఆయన నా వంక చూశారు, నేను బ్యాగు వంక చూశాను. "భయపడకు, ఫోన్లో నేనుంటాను, నేను చెప్పింది చేస్తే చాలు" అన్నారు. అందుకే నాకు కాస్త భయమేసింది.

* * *

పాఠాల ఆఫీసు ఒక మేడింటి కింది భాగం. గోడలనిండా బొమ్మలే. గొడుగు పట్టుకున్న ఎలుక, బస్సులోంచి మెడ బయటపెట్టిన జిరాఫీ, పళ్ళు తోముకుంటున్న మొసలి. వాటికింద కూర్చున్న మనుషుల మొహాలు మాత్రం పరీక్ష తప్పినట్టున్నాయి.

ఎడిటర్ గారు నన్ను చూసి, నా వెనక చూసి, ఇంకా వెనక్కి చూసి, "ఆయన?" అంది.

"కాలు విరిగిందండీ. నిచ్చెన మీంచి."

"అయ్యో. మరి నీకు తెలుసా ఇదంతా?"

"చూస్తానండీ," అన్నాను. తెలుసంటే అబద్ధం, తెలీదంటే ఇంటికి పంపించేస్తుంది.

సంగతేమిటంటే, నెల కిందట ఒక ఆర్టిస్టు ఉద్యోగం మానేశాడు. అందరూ పొడుగాయన అనేవాళ్ళు. ఆయన వెళ్ళాక, ఎందుకైనా మంచిదని సర్వరు పాస్‌వర్డు మార్చుకున్నారు. అప్పటినుంచీ అప్పుడప్పుడూ సతాయిస్తున్నది కాస్తా ఆ రోజు పూర్తిగా మొండికేసింది. ఆఫీసంతా ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో సర్వర్లోకి వెళ్తారు.

ముందు చుక్కలమ్మాయి దగ్గర కూర్చున్నాను. చుక్కలు కలిపితే ఏనుగయ్యే బొమ్మలు ఆ పిల్లే వేస్తుంది, అందుకా పేరు. "అక్కా, చూడు, సరిగ్గానే కొడుతున్నాను," అని నా కళ్ళముందే కొట్టింది. తెరమీద చుక్కలే పడ్డాయి. పాస్‌వర్డు కొడితే అంతే కదా, ఏ అక్షరమైనా చుక్కే. తప్పు అంది సర్వరు.

"ఒకసారి అదే పాస్‌వర్డు, పైన పేరు రాసేచోట కొట్టమ్మా. అక్కడైతే కనిపిస్తుంది."

కొట్టింది. తెరమీద ఇంగ్లీషు అక్షరాల బదులు తెలుగులో నోరు తిరగని ముక్కేదో పడింది. పొద్దున పాఠం టైపు చేసి, కీబోర్డుని తెలుగులోంచి మార్చడం మరిచిపోయింది. అప్పటినుంచీ పాపం ఆ పిల్ల సర్వర్ని తెలుగులో బతిమాలుతోంది, దానికి అర్థం కావట్లేదు. గదంతా గొల్లుమంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

రెండో కంప్యూటరు తారీఖు చూస్తే, అది పదేళ్ళ వెనక ఎక్కడో ఉంది. లోపలుండే బిళ్ళ బ్యాటరీ చచ్చిపోతే అది కాలం లెక్క మరిచిపోతుంది. తారీఖు అంత తేడాగా ఉన్న మెషీన్ని సర్వరు అనుమానించి రానివ్వదు. ఇలాంటివి మా కౌంటరు దగ్గర నేను వందసార్లు మార్చాను. బిళ్ళ మార్చి, తారీఖు దిద్దాను. మూడోదాని జబ్బు ఇంకా తేలిక. ఎవరో ఎప్పుడో "గుర్తుంచుకో" అని నొక్కారు, అది పాత పాస్‌వర్డునే గుర్తుంచుకుని, అడక్కుండానే సర్వరుకి అప్పజెబుతోంది. ఆ జ్ఞాపకం చెరిపేసి కొత్తది చెప్పాను.

మధ్యాహ్నానికల్లా అందరూ లోపలున్నారు. మొసలి పళ్ళు తోముకుంటోంది, ఏనుగు చుక్కలు లెక్కపెట్టుకుంటోంది. ఎడిటర్ గారు స్వయంగా టీ తెచ్చిచ్చింది. ఇంటికొస్తుంటే స్కూటరు నేలమీద నడిచిందో గాల్లో నడిచిందో నాకు తెలీదు.

వాకిట్లో స్టాండు వేస్తుంటే ఫోను మోగింది.

"మళ్ళీ అంతే," అంది ఎడిటర్ గారు. "అందరివీ ఒక్కసారే పోయాయి."

* * *

తరవాతి రోజులు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే వెళ్ళేసరికి అన్నీ బాగానే ఉండేవి. కాస్త ఎండెక్కగానే గదికి అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు "పోయింది!" అని అరిచేవాళ్ళు. కాసేపు పోయాక దానంతటదే వచ్చేది. టిఫిన్ డబ్బాలు సర్దుకుంటుండగా మళ్ళీ పోయేది.

ఇందులో మర్మం ఏమీ లేదు. తప్పు పాస్‌వర్డు వరసగా నాలుగైదు సార్లు పడితే, ఎవడో దొంగ తలుపు తడుతున్నాడనుకుని సర్వరు ఆ పేరు మీద గడియ పెట్టేస్తుంది. కాసేపాగి తీస్తుంది. అందరిదీ ఒకే పేరు కాబట్టి, ఎవరో ఒక్కరు తప్పు కొడితే శిక్ష అందరికీ. కానీ ఆ ఒక్కరూ ఎవరు? కూర్చున్నవాళ్ళందరి మెషీన్లూ ఒకటికి రెండుసార్లు చూశాను. ఎవరిదీ తప్పు లేదు.

"నేను చెప్పనా ఎవరో?" అంది ఎడిటర్ గారు, తలుపు దగ్గరికి వేసి. "పొడుగాయన. కక్ష. బయటెక్కడో కూర్చుని పాత పాస్‌వర్డు కొడుతున్నాడు."

"అంత కక్ష ఎందుకండీ?"

"లెక్కల పుస్తకంలో చెరువులో ఏడు బాతులుండాలి. ఈయన ఆరు గీశాడు. ఏడోది ఏదయ్యా అంటే, 'నీళ్ళలో మునిగింది మేడం, ఇప్పుడే తేలుతుంది' అంటాడు. పిల్లలు నీళ్ళలో మునిగినదాన్ని ఎలా లెక్కపెడతారు? నేను గట్టిగా అన్నాను. ఆయన ఇంకా గట్టిగా అన్నాడు. సాయంత్రానికి రాజీనామా."

నేను నవ్వు ఆపుకోడానికి బ్యాగులో ఏదో వెతుక్కున్నాను. ఆవిడ మాత్రం నవ్వే స్థితిలో లేదు. ప్రెస్సువాళ్ళు రోజూ ఫోను చేస్తున్నారు. "రేపటిదాకా చూస్తాను. తేలకపోతే ఆయన మీద పోలీసులకి ఫిర్యాదు ఇస్తాను. ఆ తరవాత ఇంకెవరినైనా పిలిపించుకుంటాను. ఏమీ అనుకోకు తల్లీ, నా పుస్తకాలు ఆగిపోతున్నాయి."

ఇంటికొచ్చి చెబితే మావారూ అదే పాట. "పొడుగాయనే. ఆయన చూపు ఎప్పుడూ నాకు నచ్చలేదు."

"చూపుతో పాస్‌వర్డు కొడతారా ఏమిటండీ?"

"వెటకారాలొద్దు. రేపు వెళ్ళగానే సర్వర్లో ఆ పేరు తీసిపారేసి, అన్నీ మొదట్నుంచీ పెట్టెయ్. నేను చెబుతూ ఉంటాను, నువ్వు చేస్తూ ఉండు."

మొదట్నుంచీ అంటే వేల పేజీలకి ఎవరు ఏది తెరవచ్చో మళ్ళీ చెప్పుకురావాలి. ఎంత లేదన్నా వాళ్ళకి రెండ్రోజులు పని ఆగుతుంది. పైగా ఆ తప్పు కొట్టేవాళ్ళెవరో తెలియకుండానే ఉండిపోతుంది. నాకు మనసొప్పలేదు. ఆ పొడుగాయన మొహం నాకు తెలీదు గానీ, బాతు మునిగిందని చెప్పినవాడు, కూర్చుని కూర్చుని ఒకళ్ళ కొంపకి గడియ పెట్టే మనిషిలా అనిపించలేదు.

* * *

మర్నాడు వెళ్ళగానే ముందు బయటి ఇంటర్నెట్టు వైరు పీకేశాను. బయటినుంచి ఎవరో చేస్తుంటే, ఇప్పుడిక చెయ్యలేరు. వైరు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఎండెక్కింది. "పోయింది!" అంది చుక్కలమ్మాయి.

ఎడిటర్ గారు నా చేతిలో వేలాడుతున్న వైరు వంక చూసింది. "అంటే?"

"పొడుగాయన కాదండీ. ఎవరో ఈ కప్పు కిందే ఉన్నారు."

ఆ మాటతో గదంతా ఒకరి మొహాలొకరు చూసుకోవడం మొదలెట్టారు. అప్పుడే ఫోను. మావారు. "పేరు తీసేశావా?"

"లేదండీ. ముందు ఎవరో చూస్తాను."

"చూసేదేముంది? నేను చెప్పింది చెయ్యమన్నానుగా! కుడివైపు పైన..."

"ఏమండీ, ఒక్క నిమిషం," అని, ఫోను బ్యాగులో వేసి జిప్పు లాగేశాను. పెళ్ళయ్యాక ఆయన మాట మధ్యలో ఆపింది అదే మొదటిసారి. బ్యాగులోంచి "హలో... హలో..." అని సన్నగా వినిపిస్తూనే ఉంది. చుక్కలమ్మాయి అరచెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

"అందరూ మీ మీ కంప్యూటర్లు పూర్తిగా ఆపెయ్యండి," అన్నాను. "నిద్రపుచ్చడం కాదు, ఆపెయ్యాలి. ప్రింటరు కూడా."

అన్ని వైర్లూ వచ్చి కలిసే చిన్న పెట్టె ఒకటి సర్వరు పక్కనే ఉంటుంది. ఒక్కో వైరుకీ ఒక్కో ఆకుపచ్చ దీపం. వైరుకి అవతలున్న మెషీను మాట్లాడుతుంటే దీపం మిణుకుమిణుకుమంటుంది. మెషీన్లు ఒక్కొక్కటీ ఆగుతుంటే దీపాలు ఒక్కొక్కటీ ఆరుతూ వచ్చాయి. ఆఫీసంతా దాని చుట్టూ మూగింది. చివరికి సర్వరుది మిగిలింది. దాంతోపాటు ఇంకొకటి. చివరి వరసలో, మిణుకు, మిణుకు.

"అదెవరిది?" అంది ఎడిటర్ గారు.

ఆ దీపం దగ్గర బిగించి ఉన్నది బూడిదరంగు వైరు. మిగతావన్నీ నీలం. నేను దాన్ని చేత్తో పట్టుకుని తడుముకుంటూ వెళ్ళాను. బల్ల కిందనుంచి, బీరువా వెనకనుంచి, గోడ మూలన పైకి పాకి, గోడతో పాటు సున్నమేసేసిన ఒక కన్నంలోంచి పైకప్పులోకి వెళ్ళిపోయింది.

"పైన ఏముందండీ?"

"మా ఇల్లే. నేనూ, నాన్నగారూ. కానీ అక్కడెవరూ..." అని ఆగింది. "నాన్నగారికి కంటి ఆపరేషను చేయించాను. తెర ముందు కూర్చోవద్దన్నారు డాక్టర్లు. ఆయన కంప్యూటరు మూలపడి ఏళ్ళయింది."

మెట్లెక్కుతుంటే నా భుజాన బ్యాగులోంచి ఇంకా ఏదో సణుగుడు వినిపిస్తోంది.

పై గదిలో కిటికీలకి కర్రచాపలు దించి చల్లగా ఉంది. ఎనభయ్యేళ్ళ పెద్దాయన, కంటి మీద కళ్ళద్దాలు, కళ్ళద్దాల మీద ఇంకో జత కళ్ళద్దాలు పెట్టుకుని, పాత కంప్యూటరు ముందు కూర్చుని టకటకా నొక్కుతున్నాడు. మమ్మల్ని చూడగానే చటుక్కున దానిమీద తువ్వాలు కప్పాడు. తువ్వాలు కింద తెర వెలుగుతూనే ఉంది.

"నాన్నా, ఏం చేస్తున్నారు?"

"ఏం లేదమ్మా. దుమ్ము దులుపుతున్నా."

నేను పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని మెల్లిగా తువ్వాలు తీశాను. తెరమీద అవే మాటలు: పేరుగానీ పాస్‌వర్డుగానీ తప్పు. "మాస్టారూ, ఇది ఎప్పట్నుంచి ఇలా అంటోంది?"

ఆయన నా మొహం చూశాడు. కూతురి వంక చూడకుండా నాకే చెప్పుకొచ్చాడు. "నెలయిందమ్మా. అంతకుముందు ఏమీ అడిగేది కాదు, నొక్కగానే పేజీలు వచ్చేవి. పొడుగబ్బాయి అలా పెట్టిచ్చాడు. ఇప్పుడు పొద్దున నడక నుంచి రాగానే కూర్చుని నొక్కుతాను, రాదు. భోంచేశాక నొక్కుతాను, రాదు. కిందికొచ్చి అడుగుదామంటే, అమ్మాయి అసలే ఆదుర్దాలో ఉంది, ఆఫీసులో ఏదో పాడయిందంటోంది. మళ్ళీ నా గొడవెందుకని, దానంతటదే వస్తుందేమోనని నొక్కుతూ కూర్చున్నాను."

"పేజీలు మీకెందుకు నాన్నా?" అంది ఎడిటర్ గారు.

"చదవడానికి."

"చదివి?"

"తప్పులుంటే ఆ అబ్బాయికి చెప్పేవాణ్ణి. సాయంత్రం టీకని పైకొచ్చేవాడు. కిందికెళ్ళి చప్పుడు కాకుండా దిద్దేవాడు." ఆయన పై కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కళ్ళు అరగదీసుకోవద్దని నువ్వు ఒట్టేయించుకున్నావు కదా. అందుకని నీకు చెప్పొద్దన్నాను. నలభయ్యేళ్ళు పిల్లల దస్తూరీ చదివినవాణ్ణి, అచ్చక్షరాలు నన్నేం చేస్తాయే?"

ఎడిటర్ గారు మంచం అంచున కూర్చుండిపోయింది. "ఎన్నాళ్ళనుంచి?"

"నీ మొదటి పుస్తకం నుంచీ."

ఆవిడ పుస్తకాల్లో ఒక్క తప్పు కూడా ఉండదని పేరు. ఆ మాట మావారు కూడా అందరికీ చెప్పేవారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల వంక చూస్తోంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"ఒకటి మాత్రం తప్పిపోయింది," అన్నాడు పెద్దాయన, గొంతు తగ్గించి. "ఆ బాతులు. ఆరే ఉన్నాయని నేను చూసుకోలేదు. నువ్వు పట్టుకునేసరికి ఆ అబ్బాయి బెంబేలెత్తి పైకొచ్చాడు. ఏం చెప్పను మాస్టారూ అంటే, ఒకటి నీళ్ళలో మునిగిందని చెప్పరా అన్నాను. నువ్వు నవ్వేస్తావనుకున్నాను."

ఎడిటర్ గారు తలెత్తింది. పెదాలు బిగించింది. ముక్కుపుటాలు అదిరాయి. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఒక్కసారిగా ఎంత నవ్వు నవ్విందంటే, మెట్ల మీద పొంచి వింటున్న చుక్కలమ్మాయి కంగారుపడి లోపలికొచ్చేసింది. "నేనే... పోలీసులకి... బాతు గురించి..." అంటూ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. పెద్దాయన కూడా మొదలెట్టాడు. ఇక నా వల్ల కాలేదు.

నవ్వు తగ్గాక ఆవిడ నాతో, "నాన్నగారికి కొత్త పాస్‌వర్డు పెట్టమ్మా" అంది. మామూలుగానే అంది, మంచినీళ్ళివ్వమ్మా అన్నట్టు.

"ఆయనకి వేరే పేరు పెడతానండీ. ఆయన తప్పు కొట్టినా కిందవాళ్ళకి గడియ పడదు. అక్షరాలు కూడా పెద్దవి చేస్తాను, కళ్ళకి శ్రమ ఉండదు."

పేజీ తెరుచుకోగానే పెద్దాయన రెండు కళ్ళద్దాలూ సర్దుకుని ముందుకు వంగాడు. మేమింకా మెట్ల దగ్గరికి రాలేదు, వెనకనుంచి కేకేశాడు. "అమ్మాయ్! మొసలి దంతాలకి తాలవ్యాలు పెట్టారేమిటే? 'దంతాళు' అని ఉంది!"

"చూశాను నాన్నా, దిద్దుతున్నాను!" అంది ఆవిడ. చూడలేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. "పైగా 'ళ' తాలవ్యం కూడా కాదు, మూర్ధన్యం," అని నాతో మెల్లిగా అంది. "నువ్వు చెప్పకు."

* * *

ఇంటికొస్తుంటే దారంతా నవ్వుకుంటూనే వచ్చాను. గుమ్మంలో అడుగుపెట్టాక గుర్తొచ్చింది బ్యాగులో ఫోను. తీసి చూస్తే వేడిగా ఉంది. లైను ఇంకా కట్ కాలేదు.

మావారు గోడకానుకుని, కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, తన ఫోను చెవికి ఆనించుకునే ఉన్నారు. పక్కన అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇద్దరూ నా వంక చూశారు.

"కట్ చేసుకోవాల్సింది," అన్నాను.

"ఎలా చేస్తాడు?" అంది అత్తయ్య. "మొదట్లో మాట తీసేసిందని ఎగిరాడు. తరవాత నన్ను కూడా పిలిచాడు వినమని. అంతా బ్యాగులోంచి కదా, సగం సగం వినిపించింది. ఆ బాతు ఎవరమ్మా? దొరికిందా?"

నేను చెప్పబోతుంటే మావారు చెయ్యెత్తి ఆపారు. తిడతారనుకున్నాను. కోపమొస్తే ఆయన ముక్కు ఎర్రబడుతుంది. అది మామూలుగానే ఉంది.

"ఆ వైరు నేను చూశాను," అన్నారు. "ఎన్నిసార్లో చూశాను. వెళ్ళినప్పుడల్లా. ఎవరిదో ఏమిటో అడగాలని తట్టనేలేదు." కాసేపు దిండు అంచు సర్దుకున్నారు. "అన్నీ ఆపేయించి దీపాలు చూడాలని నీకెలా తోచింది?"

"ఏమో. ఇంట్లో ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడొస్తే, కుళాయిలన్నీ కట్టేసి వినమా? అలాగే."

ఆయన తలూపారు. ఫోను పక్కనపెట్టి, "మొదట్నుంచీ చెప్పు. మధ్యలో మాట్లాడను" అన్నారు.

చెప్పాను. నిజంగానే మధ్యలో మాట్లాడలేదు. అత్తయ్యే మాట్లాడింది.

పొడుగాయన తిరిగొచ్చాడని వారం పోయాక చుక్కలమ్మాయి ఫోనులో చెప్పింది. ఎడిటర్ గారే వాళ్ళింటికెళ్ళి పిలిచిందట. వస్తాను గానీ, చెరువులో ఏడో బాతు తోక మాత్రం నీళ్ళలోంచి కనపడేలా గీస్తానని షరతు పెట్టాడట. పుస్తకాలు టయానికి ప్రెస్సుకెళ్ళాయి.

ఆ తరవాత వరసగా ఫోన్లే. "పాఠాల ఆఫీసుకి వచ్చినావిడ్ని పంపుతారా?" అని. నేను స్కూటరేసుకుని తిరుగుతుంటే, మావారు కౌంటరు దగ్గర కుర్చీలో కాలు చాపుకుని ఫోన్లు ఎత్తారు. మొదటి రెండ్రోజులూ వచ్చినవాళ్ళందరినీ కసిరారు. తరవాత తరవాత ఆయన గొంతే మారిపోయింది. ఒక మధ్యాహ్నం నేను వాకిట్లో హెల్మెట్టు తీస్తూ విన్నాను. "కంగారేం లేదమ్మా. తెరమీద ఏముందో అక్షరం అక్షరం చదవండి. నాకు తొందరేం లేదు. ఆఁ... తరవాత?" అంటున్నారు. ఆయనలో ఇంత ఓపిక ఎక్కడ దాచుకున్నారో మా అత్తయ్యకే అర్థం కాలేదు. "కాలు విరిగితే వచ్చే ఓపికైతే చిన్నప్పుడే విరగ్గొట్టేదాన్ని" అంది.

తొలకరి పడిన వారంలో కట్టు విప్పారు. సన్నబడిన కాలిని ఆయన కాసేపు పరాయివాళ్ళదిలా చూసుకున్నారు. ఇంటికొచ్చాక బ్యాగు ఎప్పటిలా తలుపు వెనక వేలాడుతోంది. ఆయనా ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. నాలుగు నెలల పనీ నాలుగు నెలలకే అనుకుని, రాత్రి నేను కౌంటరు మీద దుమ్ము తుడిచి స్క్రూడ్రైవర్లన్నీ వరసగా సర్దుకున్నాను.

మర్నాడే ఒక కుట్టు శిక్షణ కేంద్రం నుంచి పిలుపొచ్చింది. కొత్త సర్వరు పెట్టాలి, కొత్త వైర్లు లాగాలి. మావారు పాలిష్ చేసిన బూట్లు వేసుకుని వచ్చారు. నేను కౌంటరు వెనక్కి వెళ్తుంటే, "అదేమిటి, తయారవలేదా?" అన్నారు.

"నేనెందుకు, మీరెళ్తున్నారుగా?"

"ఇద్దరం వెళ్దాం. అమ్మ ఫోన్లు ఎత్తుతానంది."

లోపల్నుంచి అత్తయ్య అప్పుడే గొంతు సవరించుకుంటోంది.

కుట్టు కేంద్రంలో మిషన్ల మధ్య నుంచి నడిపించి, అక్కడి పెద్దావిడ మమ్మల్ని సర్వరు దగ్గరికి తీసుకెళ్ళింది. అందరూ అలవాటు ప్రకారం మావారి చుట్టూ చేరారు. "సార్, మా వాళ్ళు ఎవరికి వాళ్ళు వేరే పేరు పెట్టుకోవాలా, అందరికీ ఒకటే చాలా? ఏది మంచిది?" అని అడిగింది ఆవిడ.

ఆయన అప్పటికే చొక్కా చేతులు మడిచి, నిచ్చెన గట్టిగా ఉందో లేదో రెండుసార్లు ఊపి చూసుకుంటున్నారు. "అదంతా మేడం చెబుతారండీ," అన్నారు, పైమెట్టు వంక చూస్తూ. "నేను వైరు లాగడానికొచ్చాను."

అందరూ నావైపు తిరిగారు. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని కుర్చీ లాక్కుని కూర్చుని, సర్వరుకి కొత్త పాస్‌వర్డు పెట్టి, లోపలికి వెళ్ళడానికి అదే కొట్టాను.

తప్పు అంది.

నిచ్చెన మీంచి దగ్గు వినిపించింది. నేను తలెత్తలేదు. చేతులు చీరకి తుడుచుకుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్ళీ కొట్టాను.